ఇరవై ఎనిమిదిన్నర గ్రాములు



పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ చదువుతున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈ మధ్య నన్ను ఒకటే అడుగుతున్నారు. "అన్నా, హాల్లో ఎగిరే చిన్న విమానానికి ఏమేం కొనాలి? లిస్టు పెట్టు చాలు." లిస్టు పెట్టడానికి ఐదు నిమిషాలు పట్టదు. కానీ నేనూ మొదట ఎవరో పెట్టిన లిస్టు చూసే కొన్నాను. ఆ లిస్టు పుణ్యాన 2022 ఆగస్టు 9న, నేను చదువుకున్న ఆశ్రమ పాఠశాల డైనింగ్ హాల్లో, ఏడో తరగతి పాప చెవి పక్కనుంచి తిరుగుతున్న ప్రొపెల్లర్ పోయింది. జానెడు ఇటు వచ్చుంటే ఈ పోస్టు రాసే ముఖం నాకు ఉండేది కాదు. అందుకే జరిగింది జరిగినట్టు చెప్తా. లిస్టు అందులోనే దొరుకుతుంది.

హాల్లోనే ఎందుకంటే, ఆగస్టు కాబట్టి. పాడేరు వైపు ఆగస్టు ఎలా ఉంటుందో మనవాళ్లకి చెప్పక్కర్లేదు. ముసురు పట్టిందంటే మూడు రోజులు వదలదు, వాన ఆగితే మంచు, మంచు విడితే గాలి. ఆ ఏడు ఆదివాసీ దినోత్సవం నాడు థింసా కూడా హాల్లోనే వేశారు. నేను డిప్లొమా ఈసీఈలో ఉన్నాను. పిల్లలకి విమానం ఎగరేసి చూపిస్తానని హెచ్ఎం గారికి ఫోన్లో మాట ఇచ్చేశాను. మన బడిలో ఎవరూ అలాంటిది చేతితో పట్టుకుని చూడలేదు. నేను కూడా కాలేజీకి వెళ్లాకే చూశాను.

కాలేజీలో అందరూ కొనే సెట్టే నేనూ కొన్నా. ఏ2212 మోటారు, 30 ఆంప్స్ ఈఎస్సీ, మూడు సెల్లుల లిపో బ్యాటరీ, రెండు 9 గ్రాముల సర్వోలు, ఫ్లైస్కై ఎఫ్ఎస్-ఐ6 రిమోటు, దాంతో పాటు వచ్చే ఆరు ఛానళ్ల రిసీవర్. ఆరుబయట ఇది మంచి సెట్టే, తప్పు దానిది కాదు. మోటారు సుమారు 50 గ్రాములు, ఈఎస్సీ 25, నా బ్యాటరీ 85, సర్వోలు రెండూ కలిపి 18, రిసీవర్ 15. థర్మోకోల్ ఒళ్లు 40. మొత్తం 233 గ్రాములు. పావు కిలో చక్కెర పొట్లం కన్నా తక్కువే కదా, తేలిగ్గానే ఉంది అనుకున్నా. రెక్క 60 సెంటీమీటర్ల పొడవు, 20 వెడల్పు.

చేతిలోంచి వదిలాను. ఎగిరింది. ఎగరడం వరకు బాగానే ఎగిరింది. కానీ హాలు వెడల్పు 25 అడుగులు. తిప్పేలోపే ఎదురు గోడ వచ్చేసింది. గోడకి తగిలి పక్కకి జారి, కింద కూర్చున్న పిల్లల వరసలో పడింది. పాప ఏడవలేదు, బిగుసుకుపోయింది. హెచ్ఎం గారు నన్ను తిట్టలేదు. అదే ఎక్కువ బాధేసింది. విమానం చేత్తో ఎత్తి చూసి, "నాయనా, మళ్లీ ఏడాది తెస్తే ముందు నా చేతికి ఇచ్చి బరువు చూపించు. ఇలాంటిదైతే గేటు దగ్గరే ఆపేస్తా" అన్నారు.

ఆ రాత్రి లెక్క వేసి చూసుకున్నా. ముందే వెయ్యాల్సిన లెక్క. పది సెంటీమీటర్ల చదరం ఒకటి అనుకుంటే, నా రెక్కలో అలాంటి చదరాలు 12. 233 గ్రాములు 12 చదరాలు మొయ్యాలి, అంటే ఒక్కోటీ 19 గ్రాములు పైన. అంత మొయ్యాలంటే ఆ రెక్క సెకనుకి కనీసం ఆరున్నర మీటర్లు పోవాలి. దిగువకి సైకిల్ మీద పోయినంత వేగం. అంత వేగంలో 30 డిగ్రీలు ఒరిగించి గుండ్రంగా తిప్పితే ఆ గుండ్రం అడ్డం 15 మీటర్లు, అంటే 50 అడుగులు. హాలేమో 25 అడుగులు. నా చేతిలో ఎంత పనితనం ఉన్నా ఆ విమానం అక్కడ తిరగదు.

ఇక్కడ ఒక కిటుకు ఉంది, గుర్తు పెట్టుకోండి. వేగం సగమైతే మలుపుకి కావాల్సిన చోటు సగం కాదు, నాలుగో వంతు అవుతుంది. సెకనుకి మూడు మీటర్లకి దిగితే ఆ గుండ్రం 3.2 మీటర్లు, పదిన్నర అడుగులు. హాల్లో హాయిగా తిరుగుతుంది. దానికి ఒక్కో చదరం మీద నాలుగు గ్రాములకి మించి పడకూడదు. 40 సెంటీమీటర్లకి 20 రెక్క అంటే 8 చదరాలు, 32 గ్రాములు. మొత్తం విమానం, బ్యాటరీతో సహా, 32 గ్రాములు. నా పాత బ్యాటరీ ఒక్కటే 85.

రెక్క పెద్దది చేస్తే సరిపోదా అని అడుగుతారు. కొంతవరకే. రెక్క పెరిగితే బద్దలు లావు కావాలి, తోక పెద్దది కావాలి, సర్వోకి బలం కావాలి, మోటారు పెద్దది, దానికి బ్యాటరీ పెద్దది. బరువు బరువునే పిలుచుకొస్తుంది. వెనక్కి కూడా అంతే. సర్వోలో రెండు గ్రాములు తగ్గిస్తే చివరికి నాలుగు తగ్గుతాయి.

అందుకని ముందు కొనాల్సింది కాటా. నిజంగా. పాయింట్ జీరో వన్ గ్రాము చూపించే జేబు కాటా. మొదట్లో నా దగ్గర లేదు, పాడేరులో బంగారం కొట్టుకి వెళ్లి సర్వోలు తూయించుకున్నా. ఆయన నవ్వాడు గానీ తూచి ఇచ్చాడు. 9 గ్రాములని రాసి ఉన్నది వైరు, ప్లగ్గు, స్క్రూలు, కొమ్ముతో కలిపి 11 దాటింది. చింతపండు సంతకి తీసుకెళ్లినప్పుడు మా అమ్మ కాటా ముల్లు వైపే చూస్తూ నిలబడేది, షావుకారు నోటి వైపు కాదు. ఇంట్లో కుంచంతో కొలిచిన లెక్క ఆవిడ మనసులో ఉండేది. ఆ అలవాటు నాకు ఆన్‌లైన్ సామాన్ల దగ్గర పనికొచ్చింది. పేజీలో రాసిన బరువు వైరు లేకుండానా, ప్లగ్గు లేకుండానా అని చూడండి. చాలాసార్లు అలాగే ఉంటుంది.

ఇప్పుడు రేడియో. నేను ఎక్కువ డబ్బు పోగొట్టుకున్నది ఇక్కడే.

చిన్న విమానాలకి రిసీవరు, రెండు చిన్న సర్వోలు, మోటారు కంట్రోలు అన్నీ ఒకే బోర్డు మీద ఉన్న ముక్క దొరుకుతుంది. దాన్ని బ్రిక్ అంటారు, అంటే ఇటుక. పేరు ఇటుక, బరువు నాలుగు గ్రాముల లోపు! పార్క్‌జోన్ వేపర్ అనే చిన్న విమానం ఇలాంటి ఇటుకతోనే ఎగిరేది, అది మొత్తం 15 గ్రాములే. వీడియో చూసి నాకు పిచ్చెక్కింది. అమ్మ పసుపు అమ్మిన డబ్బులోంచి రెండు వేల చిల్లర అడిగి తీసుకున్నా. "ఎందుకురా బాబూ" అంది. "చదువుకే" అన్నా. అబద్ధం కాదు, పూర్తి నిజం కూడా కాదు. ఒక ఆన్‌లైన్ షాపులో వాడినది ఒకటి కొన్నా. వచ్చింది. నా రిమోటుకి బైండ్ అవ్వలేదు. రాత్రంతా కూర్చున్నా అవ్వలేదు.

కారణం తర్వాత తెలిసింది. ఇటుక మీదా 2.4 గిగాహెర్ట్జ్ అని ఉంది, నా రిమోటు మీదా అదే ఉంది. కానీ అది ఇద్దరూ ఒకే సంతలో ఉన్నారని మాత్రమే చెప్తుంది. మన సంతలో కువి మాట్లాడేవాళ్లు, ఆదివాసీ ఒడియా మాట్లాడేవాళ్లు, తెలుగువాళ్లు ఒకే చెట్టు కింద నిలబడతారు కదా, అలా. స్పెక్ట్రమ్ వాళ్ల సామాన్లది డీఎస్ఎం భాష. నా ఫ్లైస్కైది ఏఎఫ్‌హెచ్‌డీఎస్ 2ఏ. బొమ్మ డ్రోన్లది ఇంకోటి. అన్ని భాషలూ వచ్చే మల్టీ ప్రోటోకాల్ రిమోట్లు ఉన్నాయి, లోపల నాలుగు రకాల రేడియో చిప్పులు ఉంటాయి. డబ్బుంటే మొదటే అది కొనుక్కోండి. లేకపోతే మీ రిమోటు ఏ భాషో కాగితం మీద రాసుకుని, రిసీవర్ పేజీలో అదే మాట, అక్షరం తేడా లేకుండా, కనిపిస్తేనే కొనండి. షాపు వాళ్లు వాపసు తీసుకోలేదు. ఆ ఇటుక ఇప్పటికీ నా రేకు డబ్బాలో ఉంది.

ఇటుకకి ఇంకో ఇబ్బంది కూడా ఉంది. దాని మీద ఒక్క సర్వో పోతే బోర్డు మొత్తం పోయినట్టే, ఆ చిన్న టంకం మన ఐరన్‌తో కష్టం. మన ఊళ్లో బాగుచేసుకోవాలంటే విడివిడి ముక్కలే మేలు. నేను చివరికి తీసుకున్నది ఒకటిన్నర గ్రాముల రిసీవర్. నా రిమోటు భాషే, చిన్న బ్రష్డ్ మోటారుకి కంట్రోలు దాని మీదే ఉంది. వేరే ఈఎస్సీ అక్కర్లేదు.

రిసీవర్ కొనేటప్పుడు రెండోది చూడాల్సింది వోల్టేజీ. చాలామంది ఇక్కడ పడతారు, నేనూ పడ్డాను. ముందు డబ్బు మిగులుద్దామని పాత ఆరు ఛానళ్ల రిసీవర్‌కే ప్లాస్టిక్ పెట్టె ఊడదీసి, పిన్నులు తీసేసి, ఒక్క సెల్లుతో నడపబోయాను. బల్ల మీద బాగానే పనిచేసింది. థ్రాటిల్ పెంచగానే సర్వోలు చచ్చిపోయాయి. ఆ రిసీవర్‌కి కనీసం 4 వోల్టులు కావాలి. ఒక సెల్లు లిపో నిండుగా ఉన్నప్పుడు 4.2, మోటారు లాగేటప్పుడు 3.4కి కూడా దిగుతుంది. కాబట్టి "1ఎస్" అని, 3.3 వోల్టుల దగ్గర కూడా పనిచేస్తుందని రాసి ఉన్నదే తీసుకోండి. సర్వోలకీ అదే మాట. మామూలు 9 గ్రాములది 4.8 వోల్టులది, ఒక సెల్లు మీద నీరసంగా కదులుతుంది.

రెండు యాంటెన్నాల రిసీవర్ హాలుకి దండగ. రిమోటుకి విమానం ఎప్పుడూ 60 అడుగుల లోపే. ఒక్క తీగ చాలు. కానీ బరువు తగ్గుతుందని ఆ తీగ మాత్రం కత్తిరించకండి. చివర ఊడదీసి ఉన్న భాగం 31 మిల్లీమీటర్లు, ఆ పొడవు లెక్క ప్రకారం పెట్టినది.

సర్వోలు 1.7 గ్రాముల రకం రెండు. పళ్లు ప్లాస్టిక్, ఫర్వాలేదు, ఈ విమానంలో చుక్కానిని చిటికెన వేలితో కూడా ఆపొచ్చు. ప్లగ్గులు కోసేసి, వైర్లు కావాల్సినంతే ఉంచి నేరుగా టంకం పెట్టాను. రెండింటి మీద గ్రాము పైనే పోయింది. 15 గ్రాముల లోపు విమానం చేసేవాళ్లు సర్వో కూడా వద్దనుకుని, రాగి తీగ చుట్టలో చిన్న అయస్కాంతం పెట్టిన యాక్చువేటర్ వాడతారు. అది గ్రాము లోపే. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, కానీ బలం తక్కువ, మొదటిసారికి వద్దు.

మోటారుకి డబ్బు పెట్టలేదు. కాలేజీలో ఒకబ్బాయి విరగ్గొట్టిన బొమ్మ డ్రోన్‌లోంచి 7 మిల్లీమీటర్ల కోర్‌లెస్ మోటారు తీసుకున్నా, సుమారు 3 గ్రాములు. ఒక డ్రోన్‌లో నాలుగు ఉంటాయి, రెండు ఒకవైపు తిరిగేవి, రెండు ఇంకోవైపు. ప్రొపెల్లర్ కూడా దానికి జతగా ఉన్నదే తియ్యాలి, లేకపోతే గాలి ముందుకి కొడుతుంది. చిన్న పళ్ల చక్రం పెట్టి పెద్ద ప్రొపెల్లర్ నెమ్మదిగా తిప్పితే కరెంటు తక్కువ తాగుతుంది, అదే సరైన పద్ధతి. నాకు సరైన చక్రం దొరకలేదు, నేరుగానే పెట్టేశాను. పనైపోయింది.

బ్యాటరీ 150 ఎంఏహెచ్, ఒక సెల్లు, 4 గ్రాములు. చేతిలో పెట్టుకుంటే రూపాయి బిళ్ళంత బరువు. సగటున ఒక ఆంపియర్ లాగితే, అడుగు వరకు వాడకుండా ఏడు నిమిషాలు వస్తుంది. డ్రోన్‌లోని పెద్ద బ్యాటరీ పెడితే ఎక్కువసేపు ఎగురుతుంది కదా అనిపిస్తుంది. పెట్టి చూశాను. ఎనిమిది గ్రాములు పెరిగాయి, విమానం మళ్లీ గోడల వైపు పరుగు మొదలుపెట్టింది. ఒక పెద్ద బ్యాటరీ కన్నా మూడు చిన్నవి కొనుక్కుని మార్చుకోండి.

బ్యాటరీ ప్లగ్గు కూడా చూసుకోవాలి. మరీ సన్నది, పిన్నుల మధ్య 1.25 మిల్లీమీటర్ల రకం, ఒక ఆంపియర్‌కే చేసినది. 2 మిల్లీమీటర్ల రకం పెట్టాక నా విమానం పైకెక్కడంలో తేడా కంటికి కనిపించింది.

ఛార్జింగ్ గురించి కొంచెం గట్టిగా చెప్తాను, ఎందుకంటే హాస్టల్ గదిలో మంచం మీద పెట్టి ఛార్జ్ చేసేవాళ్లం మనమే. అందరి దగ్గరా దొరికే టీపీ4056 చిన్న బోర్డు ఉంది కదా, కొన్నప్పుడు అది ఒక ఆంపియర్‌కి పెట్టి ఉంటుంది. 150 ఎంఏహెచ్ బ్యాటరీకి 150 మిల్లీ ఆంపియర్లు పెట్టాలి. నేను ఆలోచించకుండా తగిలించాను. దానికి తగినదానికి ఏడు రెట్లు దగ్గర. పది నిమిషాల్లో పూరీలా ఉబ్బింది. తీసి బయట ఇసకలో పడేశాను, అంటుకోలేదు, అదృష్టం. ఆ బోర్డు మీద 122 అని రాసి ఉన్న చిన్న రెసిస్టర్ ఒకటి ఉంటుంది, 1.2 కిలో ఓములు. దాన్ని తీసేసి 10 కిలో ఓములది, అంటే 103 అని ఉన్నది, పెడితే 130 మిల్లీ ఆంపియర్లే ఇస్తుంది. రెసిస్టర్ రూపాయి కూడా ఉండదు. ఈ పని చెయ్యకుండా చిన్న బ్యాటరీ తగిలించకండి, తగిలించాక పక్కనుంచి లేవకండి.

ఒళ్లు గురించి రెండు మాటలే. ప్యాకింగ్ థర్మోకోల్‌ని వేడి తీగతో 3 మిల్లీమీటర్ల పలకలుగా కోశాను, రెక్క నాలుగు గ్రాముల లోపే వచ్చింది. ఫెవిక్విక్ తగిలితే థర్మోకోల్ కరిగిపోతుంది, జాగ్రత్త. కార్బన్ కడ్డీలు కొనలేదు, మా తాత వెదురు బద్ద చీరి ఇచ్చాడు, అగ్గిపుల్లలో సగం మందం. బుట్టకి చీరే చెయ్యి ఆయనది. ఎంత సన్నగా కావాలన్నా "ఇంతేనా" అనేవాడు.

మొత్తం కాటా మీద పెట్టా. ఒళ్లు, రెక్క, తోక, జిగురు 11. రిసీవర్ 1.5. సర్వోలు 4. మోటారు, ప్రొపెల్లర్, దాని బిగింపు 5. బ్యాటరీ 4. వైర్లు, ప్లగ్గు 1.5. చక్రాలు 1.5. ఇరవై ఎనిమిదిన్నర. మూడున్నర గ్రాములు మిగిలాయి. ముక్కు బరువు కోసం బిళ్ళ అంటించాల్సిన పని రాకుండా బ్యాటరీని ముందుకి జరిపి సరిచేశాను.

2023 ఆగస్టు 9. వాన. హెచ్ఎం గారి గదికి వెళ్లి విమానం ఆయన చేతిలో పెట్టాను. చెయ్యి కొంచెం ఎగరేసి చూసి, "లోపల ఏమైనా ఉందా అసలు?" అన్నారు. హాల్లోకి వచ్చాక ఆయనే గోడ దగ్గర నిలబడి అరచెయ్యి చాపారు. "ముందు నన్ను కొట్టించు. తర్వాతే పిల్లలు." నాకు భయమేసింది. కానీ లెక్క తెలుసు, మొదటి విమానం ఢీకొట్టే శక్తిలో ఇది నలభయ్యో వంతు కూడా లేదు. తిన్నగా పంపించాను. అరచేతికి తగిలి, ప్రొపెల్లర్ టక్కున ఆగి, ఆకులా కింద పడింది. ఆయన చెయ్యి తిప్పి చూసుకుని, ఫ్యాన్లు ఆపమని చెప్పారు.

ఆరు నిమిషాలు ఎగిరింది. ట్యూబులైట్ల కిందనుంచి, ఎనిమిదో తరగతి వరస మీదనుంచి, వంటగది కిటికీ దగ్గర తిరిగి మళ్లీ వెనక్కి. పిల్లలు మొదట అరిచారు, తర్వాత మోటారు చప్పుడు వినడానికి వాళ్లంతట వాళ్లే ఊరుకున్నారు. నిరుడు బిగుసుకుపోయిన పాప ముందు వరసలోనే ఉంది. దిగాక వచ్చి, "ఏటన్నయ్యా, పోయినేడుది గోడకి గుద్దేసింది, ఇదెలగ తిరిగింది?" అంది. కాటా తీసి ఆ పిల్ల ముందు పెట్టాను. ఒక్కో ముక్కా ఊడదీసి తూచింది, నోటుబుక్కులో రాసుకుంది.

విమానం, మూడు బ్యాటరీలు, రెసిస్టర్ మార్చిన ఛార్జరు అక్కడే వదిలేసి వచ్చా. రిమోటు కూడా. అమ్మకి ఆ ఫోటోలు చూపించి పసుపు డబ్బు సంగతి చెప్పేశాను. "పోనీలే, తూకం సరిపోయిందా?" అంది.

ఆ పాప ఇప్పుడు హైస్కూల్ దాటింది, విమానం మాత్రం బడిలోనే ఉంది. పోయిన నెల చుక్కాని సర్వో పోయిందని పిల్లలు వాయిస్ మెసేజ్ పెట్టారు. 1.7 గ్రాములది ఒకటి పార్సిల్ చేశాను. చేరిన రోజు మళ్లీ మెసేజ్: "అన్నయ్యా, ఇది మేం తూసినాం, వైరుతో రెండు గ్రాములు దాటింది, ప్లగ్గు కోసేయమంటారా?"

కోసెయ్యమన్నాను.